గ్లాస్గో ఆర్గనిస్టు, హిందుస్తానీ కన్సర్టో: ఎరిక్ చిజం గురించి మాట్లాడుకుందాం

స్వరఝరి (హైదరాబాద్)

ఈ విభాగంలో బాఖ్, బేతోవెన్, షోపాన్ మీద బోలెడు థ్రెడ్‌లు ఉన్నాయి. స్కాట్లాండ్ వాళ్ల మీద ఒక్కటీ కనబడలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

ఎరిక్ చిజం. 1904 జనవరి 4న గ్లాస్గోలోని కాథ్‌కార్ట్‌లో పుట్టాడు. 1965 జూన్ 8న కేప్‌టౌన్‌లో పోయాడు. ఆర్గనిస్టు, పియానిస్టు, కండక్టరు, ప్రొఫెసరు, అన్నిటికీ మించి కంపోజరు. వందకు పైగా రచనలు చేశాడు. వాటిలో రెండో పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందు నిలిచే రచన) పేరు ‘హిందుస్తానీ’. 1949 నాటిది. మూడు భాగాలకూ ఆధారం ఉత్తరాది రాగాలే: అసావరి, శ్రీ, వసంతి. నాకు ఈయన తెలిసింది ఆ కన్సర్టో వల్లే.

తండ్రి ఇళ్లకు రంగులు వేసే పనిలో మేస్త్రీ. ఒంట్లో బాగుండక పిల్లాడు పదమూడో ఏటే బడి మానేశాడు. అయితే అప్పటికే ఆర్గన్ కచేరీలు చేస్తున్నాడు. పన్నెండేళ్లకే ఇంగ్లండ్‌లోని హల్ నగరం దాకా వెళ్లి వాయించాడు. ఆర్గన్ నేర్పింది గ్లాస్గో కెథీడ్రల్ ఆర్గనిస్టు హెర్బర్ట్ వాల్టన్. పియానో మొదట అథీనియం సంగీత పాఠశాలలో ఫిలిప్ హాల్‌స్టెడ్ దగ్గర, ఆ తరవాత లెఫ్ పూయిష్నోఫ్ దగ్గర నేర్చుకున్నాడు. చిన్నప్పుడే ఎవరో ఒక పుస్తకం చేతిలో పెట్టారు: పాట్రిక్ మెక్‌డొనాల్డ్ 1784లో అచ్చువేయించిన హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతం) జానపద బాణీల సంకలనం. ఆ బాణీలు ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

ఆర్నల్డ్ బాక్స్ అంతటి కంపోజరు, స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లలో అందరికన్నా ముందుచూపున్న కంపోజరు ఈయనే అన్నాడు. అలాంటి మనిషి పేరు మనదాకా ఎందుకు రాలేదు? తెలిసినవాళ్లు రాయండి.

చైతన్య_వైజాగ్

నాకు ఈ సంగీతం కొత్త. ఒక బేసిక్ డౌట్. ఆర్గన్ అంటే హార్మోనియం లాంటిదేనా? ఆర్గనిస్టు అనేది ఒక ఉద్యోగమా?

ఆదివారం_కీబోర్డు (గుంటూరు)

చైతన్య గారూ, హార్మోనియంలో మోగేది లోహపు రీడ్. పైప్ ఆర్గన్‌లో ఎక్కువగా మోగేవి గొట్టాలు. పెన్సిలంత గొట్టం నుంచి రెండంతస్తుల ఎత్తు దాకా, పెద్ద ఆర్గన్‌లో కొన్ని వేలుంటాయి. చేతులకు రెండు మూడు వరసల కీలు, కాళ్లకు విడిగా ఇంకో వరస. పక్కన లాగే పిడులను స్టాప్‌లు అంటారు. ఏ స్టాప్ లాగితే ఆ రకం గొట్టాల్లోకి గాలి వెళ్తుంది. ఆ గాలి కొట్టడానికి పాతరోజుల్లో వెనకాల ఒక మనిషి ఉండేవాడు.

పియానోలో కీ గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది, కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. ఆర్గన్‌లో ఎంత బలంగా నొక్కినా అదే ధ్వని, వేలు తీసేదాకా ఆగదు. కాబట్టి స్వరాన్ని ఎంతసేపు పట్టుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నదాంట్లోనే వాయించేవాడి తెలివంతా ఉంటుంది. చిన్నప్పట్నుంచి ఈ వాద్యం మీద పెరిగినవాడి చెవి వేరుగా తయారవుతుంది.

ఉద్యోగమా అంటే, ఉద్యోగమే. చర్చి జీతం ఇస్తుంది. మా చర్చిలో ఉన్నది ఎలక్ట్రానిక్ కీబోర్డు, కాళ్లకు పనిలేదు. అయినా పని స్వభావం ఒకటే. కీర్తన ఎత్తుకునే ముందు శ్రుతి అందించాలి. జనం వెనకబడితే లాక్కురావాలి. పాస్టర్ గారు ప్రార్థన పొడిగిస్తే అప్పటికప్పుడు ఏదో ఒకటి అల్లుతూ ఆ ఖాళీ నింపాలి. వారం మధ్యలో క్వయర్ రిహార్సల్. ఇవన్నీ చేస్తూ సొంత రచన చేసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

క్లైడ్‌గట్టు (గ్లాస్గో)

ఈ ఊళ్లో ఉంటున్నవాడిగా రెండు మాటలు.

చిజం 1930లలో ఆర్గనిస్టుగా పనిచేసిన బెరోనీ చర్చి ఇప్పటికీ ఉంది. కెథీడ్రల్‌కి నడిచి వెళ్లేంత దూరం. ఎర్ర ఇసుకరాతి గోథిక్ కట్టడం. ఇప్పుడు అది చర్చి కాదు, స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీ వాళ్ల బెరోనీ హాల్. డిగ్రీలు పంచేది అందులోనే. ఇక్కడ ఎమ్మెస్సీ చదివిన మన పిల్లలు చాలామంది గౌను వేసుకుని పట్టా అందుకున్నది ఆ కప్పు కిందే. లోపల ఎత్తు చాలా ఎక్కువ, చప్పట్లు కూడా ఒక క్షణం గాల్లో నిలిచి వినబడతాయి. గ్రాడ్యుయేషన్‌కి వచ్చే తల్లిదండ్రులకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

ఇంకో విషయం. స్కాట్లాండ్ ప్రెస్బిటీరియన్ చర్చిల్లో చాలాకాలం ఆర్గన్ నిషిద్ధం. 1807లో గ్లాస్గో సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఆరాధనకు ఆర్గన్ వాడితే పెద్ద గొడవై, చర్చి పెద్దలు ఆపించారు. ‘ఈలల పెట్టె’ అని తిట్టేవారు. 1860లలో గానీ అనుమతి దొరకలేదు. అంటే చిజం పుట్టేనాటికి ఇక్కడి చర్చిల్లో ఆర్గన్ వయసు నలభై ఏళ్లే. ఇంగ్లండ్‌లోలాగా శతాబ్దాల ఆర్గన్ పరంపర ఈయన వెనక లేదు. వెనక ఉన్నది వాద్యం లేకుండా పాడే కీర్తనలు, బ్యాగ్‌పైపులు (తిత్తిలో గాలి నింపి వాయించే గొట్టాల వాద్యాలు), హైలాండ్ జనం భాషైన గేలిక్‌లో పాటలు.

1927లో కెనడా వెళ్లాడు. నోవా స్కోషియాలో న్యూ గ్లాస్గో అనే ఊళ్లో వెస్ట్‌మిన్‌స్టర్ ప్రెస్బిటీరియన్ చర్చికి ఆర్గనిస్టు, పక్కనే పిక్టో అకాడమీకి సంగీత దర్శకుడు. 1773లో హెక్టర్ అనే ఓడలో హైలాండ్ జనం దిగింది ఆ పిక్టోలోనే. ఏడాది తిరిగేసరికి వెనక్కి వచ్చేశాడు. బడి సర్టిఫికెట్ లేదు కాబట్టి యూనివర్సిటీలో చేరే దారి లేదు. పేరున్న సంగీతకారుల చేత ఉత్తరాలు రాయించుకుని, మినహాయింపు తెచ్చుకుని, ఎడిన్‌బరోలో డొనాల్డ్ టోవీ దగ్గర చేరాడు. 1931లో బి.మ్యూజ్. (సంగీతంలో డిగ్రీ), 1934లో డాక్టరేట్. పదమూడేళ్లకి బడి మానేసినవాడు ముప్ఫయ్యో ఏట డాక్టర్ అయ్యాడు.

పాతరికార్డు (బెంగళూరు)

పేరు మనదాకా ఎందుకు రాలేదని అడిగారు. ఆయన జీవితంలో సగం ఇతరుల సంగీతం కోసం పోయింది, అందుకని. ఇది నా గట్టి అభిప్రాయం.

1929లో గ్లాస్గోలో యాక్టివ్ సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ కాంటెంపరరీ మ్యూజిక్ అని ఒక సంఘం పెట్టాడు. తోడు ఫ్రాన్సిస్ జార్జ్ స్కాట్, పాట్ షానన్. అప్పటికి చిజం వయసు పాతికేళ్లు. ఆ ఊరికి యూరప్ నుంచి ఏయే కంపోజర్లను రప్పించాడో చూడండి: బార్టోక్, హిండెమిట్, షిమనోవ్‌స్కీ, మెట్నర్, కసెల్లా. వాళ్ల రచనలు వాళ్లే వచ్చి వాయించారు. ఇవాళ ఒక పెద్ద ఫెస్టివల్ కోట్లు పెట్టి చేసే పని అది.

సొరాబ్జీని కూడా. కైఖోస్రూ సొరాబ్జీ తండ్రి బొంబాయి పార్సీ, సివిల్ ఇంజనీరు. తల్లి ఇంగ్లండ్ ఆవిడ. ఆయన ‘ఓపస్ క్లావిచెంబలిస్టికమ్’ పియానో సాహిత్యంలోనే అతి కఠినమైన రచనల్లో ఒకటి, సుమారు నాలుగు గంటలు పడుతుంది. దాన్ని మొట్టమొదట జనం ముందు వినిపించింది 1930 డిసెంబర్ 1న, గ్లాస్గోలో, చిజం సొసైటీ కచేరీలో. వాయించింది సొరాబ్జీయే.

బార్టోక్ 1932 ఫిబ్రవరి 29న వాయించాడు. బస చిజం ఇంట్లోనే. స్కాటిష్ బ్యాగ్‌పైప్ సంగీతం గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. బార్టోక్ ఊరికే విని ఊరుకోలేదు. వెళ్లేటప్పుడు ఒక చాంటర్, అంటే పైపర్లు సాధన చేసే గొట్టం, ఒక టార్టన్ కంబళి, దొరికిన బ్యాగ్‌పైప్ స్వరలిపి పుస్తకాలు కొనుక్కెళ్లాడు. 1933లో మళ్లీ వచ్చాడు. చిజంకి ‘మెక్‌బార్టోక్’ అని పేరు పడింది. జానపదాన్ని అలంకారంగా తగిలించడం కాదు, దాని ఎముకల్లోంచి కొత్త సంగీతం కట్టడం బార్టోక్ దారి. చిజం పట్టుకున్నదీ ఆ దారే.

ఇది చాలదన్నట్టు 1930 నుంచి గ్లాస్గో గ్రాండ్ ఒపెరా సొసైటీకి కండక్టరు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం వచ్చి ఒపెరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, వేసే ఔత్సాహికుల సంఘం అది. వాళ్లతో మొజార్ట్ ‘ఇదొమెనియో’ 1934లో, బెర్లియోజ్ ‘లె త్రోయెన్’ 1935లో, ‘బెయత్రిస్ ఎ బెనెదిక్ట్’ 1936లో వేయించాడు. మూడూ బ్రిటన్‌లో మొదటి ప్రదర్శనలే. ‘లె త్రోయెన్’ నాలుగు గంటలకు పైబడిన ఒపెరా. లండన్ చేయనిది గ్లాస్గో ఔత్సాహికులు చేశారు.

మరి ఆ ఏళ్లలో ఆయన సొంత సంగీతాన్ని అంత పట్టుదలగా మోసినవాళ్లు ఎవరు?

మృదుశ్రుతి (విజయవాడ)

నమస్కారం. కర్ణాటక గాత్రం నేర్పుతాను. స్వరఝరి గారు పెట్టిన పేరు చూసి హిందుస్తానీ కన్సర్టో మొత్తం విన్నాను. మర్యాదగానే నా అభ్యంతరం చెబుతాను.

మన పాఠకులకు ముందుగా ఒక వివరం. ఈ ‘శ్రీ’ మన శ్రీరాగం కాదు. ‘ఎందరో మహానుభావులు’ పాడే శ్రీ ఖరహరప్రియ జన్యం. హిందుస్తానీ శ్రీ పూర్వీ థాట్‌లోది (థాట్ అంటే అక్కడి మేళం లాంటిది), శుద్ధ రిషభం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం పడతాయి. మన లెక్కలో కామవర్ధని స్వరాలు. అసావరి కూడా అంతే, అక్కడి అసావరి థాట్ మన నఠభైరవికి దగ్గర. మన అసావేరి తోడి కుటుంబంలోది. పేర్లు చూసి ఆ కీర్తనలు తలుచుకుంటూ వింటే ఒక్కటీ అందదు.

హిందుస్తానీ శ్రీలో ప్రాణం అంతా రిషభం నుంచి పంచమానికి లాగే ఆ మీండ్‌లో, అంటే ఆ జారుడులో ఉంది. సాయంసంధ్య రాగం. ఆ రిషభాన్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎంత కదపాలి అన్నదే గురువులు ఏళ్ల తరబడి నేర్పుతారు. పియానోలో ఒక కీకీ ఇంకో కీకీ మధ్య ఏమీ లేదు. లాగడానికి తావే లేదు. కాబట్టి అక్కడ మిగిలింది రాగం కాదు, మెట్లు మాత్రమే. రెండో భాగంలో ఆ మెట్ల మీద వేరియేషన్లు (ఒకే బాణీని రకరకాలుగా మార్చి వాయించడం) చాలా చమత్కారంగా కట్టాడు, అది ఒప్పుకుంటాను. కానీ దానికి రాగం పేరు పెట్టడం నాకు నచ్చలేదు.

స్వరఝరి (హైదరాబాద్)

మృదుశ్రుతి గారూ, థాట్‌ల వివరానికి చాలా థ్యాంక్స్. అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఆయన ఇండియా పేరు వాడుకుని విదేశీ రంగు పులిమాడని మాత్రం నేను అనుకోను. ఎందుకో చెబుతాను.

యుద్ధం వచ్చేసరికి ఆయన మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనన్నాడు. చూపు సరిగా లేదు, ఒక చెయ్యి కాస్త వంకర, అందుకని ఎలాగూ సైన్యానికి పనికిరాడని తేల్చారు. కొంతకాలం కార్ల్ రోజా ఒపెరా కంపెనీకి కండక్టరు. తరవాత సైనికులకు వినోదం అందించే ఎన్సా సంస్థలో చేరాడు. ఆంగ్లో-పోలిష్ బ్యాలేతో ఇటలీ తిరిగాడు. ఆగ్నేయాసియా కమాండ్‌కి సంగీత దర్శకుడిగా ఇండియా వచ్చాడు. ఇక్కడి సంగీతం నేరుగా వినే అవకాశం అప్పుడు దొరికింది. 1945లో సింగపూర్ వెళ్లి అక్కడ ఒక సింఫనీ ఆర్కెస్ట్రా కట్టాడు. జపాన్ ఆక్రమణ అప్పుడే ముగిసిన ఊరు అది. అలాంటి చోట రకరకాల దేశాల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి బేతోవెన్ లాంటివాళ్ల సంగీతం వాయించే స్థాయికి తెచ్చాడు. (ఇప్పుడున్న సింగపూర్ సింఫనీ 1979లో మొదలైంది, అది వేరు.)

ఆ సంపర్కం కన్సర్టో ఒక్కదానితో ఆగిపోలేదు. ఆ తరవాత రాసిన వయొలిన్ కన్సర్టోలో మొదటి భాగం వసంతి మీద, మూడోది ‘ఏరియా ఇన్ మోడో సోహనీ’. ఏళ్ల తరబడి వాటితో కుస్తీ పట్టాడు. సరదాకి వాడుకునేవాడు మొదటిదాంతోనే మానేసేవాడు.

ఆదివారం_కీబోర్డు (గుంటూరు)

ఈ చర్చలో నాకు ఒక ఆలోచన వచ్చింది, సంగీతం తెలిసినవాళ్లు పరిశీలించండి.

ఆర్గన్, బ్యాగ్‌పైప్ రెండూ గాలితో నడిచేవే. రెండింట్లోనూ ధ్వని ఆగదు. రెండింట్లోనూ వేలి బలంతో స్వరాన్ని పెంచలేం, తగ్గించలేం. మన వీధి భాగవతాల్లో వెనక శ్రుతి పట్టే తిత్తి ఎలా ఉంటుందో, బ్యాగ్‌పైప్‌లో మూడు డ్రోన్ గొట్టాలు అలాగే ఒకే శ్రుతి పట్టుకుని ఉంటాయి. ఆర్గనిస్టు కూడా కాలితో కింద ఒక స్వరం తొక్కిపెట్టి పైన చేతులతో అల్లుతాడు. దాన్ని పెడల్ పాయింట్ అంటారు. బాఖ్ నుంచి అందరూ చేసినదే.

అలాంటి చెవి ఉన్నవాడు తంబురా శ్రుతి మీద సాగే సంగీతం వింటే ఎలా ఉంటుంది? కొత్తగా ఉండదు. ఎక్కడో విన్నట్టు ఉంటుంది. చిజంకి రాగం దగ్గరైంది దేశాంతరపు మోజుతో కాదు, ఆధార శ్రుతి వల్ల అని నా నమ్మకం.

క్లైడ్‌గట్టు (గ్లాస్గో)

చాలా మంచి మాట. దీనికి కొనసాగింపుగా పీబ్రోక్ గురించి, అంటే బ్యాగ్‌పైప్ శాస్త్రీయ సంగీతం గురించి చెప్పాలి. చిజం మొదటి పియానో కన్సర్టో పేరు అదే, గేలిక్‌లో ‘పీబరాఖ్ద్’. 1930లలో రాసింది.

బ్యాగ్‌పైప్ అంటే మనకు తెలిసింది మిలిటరీ కవాతు, పెళ్లి బ్యాండ్. పీబ్రోక్ అది కాదు. ఒక్క పైపర్, పది పదిహేను నిమిషాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. శోకగీతాలు, స్వాగతాలు, యుద్ధానికి జనాన్ని కూడగట్టే బాణీలు. ముందు ‘ఉర్లార్’ అనే మూల బాణీ, చాలా నెమ్మదిగా. తరవాత దాని మీద వేరియేషన్లు. ప్రతి మెట్టులోనూ అసలు స్వరాలు తగ్గి, వాటి చుట్టూ గ్రేస్ నోట్ల, అంటే క్షణంలో మెరిసి పోయే చిన్న స్వరాల గుత్తులు పెరుగుతాయి. తావర్‌లూఅ, క్రున్‌లూఅ అని ఆ గుత్తులకు పేర్లున్నాయి. చివర్లో వేళ్లు కనబడనంత వేగం. ఆ తరవాత ఏమీ జరగనట్టు మళ్లీ ఉర్లార్‌కి వచ్చి ఆపుతారు.

ఈ గ్రేస్ నోట్లు ఎందుకు వచ్చాయో తెలుసా? బ్యాగ్‌పైప్‌లో ధ్వని ఆగదు కాబట్టి, ఒకే స్వరాన్ని రెండుసార్లు వాయించాలంటే మధ్యలో ఇంకో స్వరంతో కోయాలి. అది అలంకారం కాదు, అవసరం. నేను ఇక్కడ ఒక పోటీలో దగ్గర నుంచి చూశాను. పైపర్ వాయిస్తూనే చాలా నెమ్మదిగా అటూ ఇటూ నడుస్తాడు. ముఖంలో ఏ భావమూ ఉండదు. కానీ ఉర్లార్‌లో ఒక స్వరం మీద అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడంటే పక్కన కూర్చున్న ముసలివాళ్లు కళ్లు మూసుకుంటారు. ఆదివారం కీబోర్డు గారు ఆర్గన్ గురించి చెప్పిందీ ఇదే కదా, బలం లేదు, కాలమే ఉంది.

చిజం పియానో రాతలో ఆ గ్రేస్ నోట్ల గుత్తులు నేరుగా కనబడతాయి. 1933 నాటి ‘స్ట్రాలోఖ్ సూట్’లో ఇంకా వెనక్కి వెళ్లి, 1620లలో రాబర్ట్ గార్డన్ ఆఫ్ స్ట్రాలోఖ్ రాసిపెట్టిన ల్యూట్ (పాతకాలపు తంత్రీవాద్యం) పుస్తకంలోంచి బాణీలు తీసుకున్నాడు.

మృదుశ్రుతి (విజయవాడ)

ఆధార శ్రుతి మాట ఆలోచింపజేసింది. కానీ కన్సర్టోలో ఆయన ఆ శ్రుతిని ఎంతసేపు నిలబెట్టాడు? ఆర్కెస్ట్రా హార్మొనీ దట్టంగా మారుతూ ఉంటుంది. ఆధారం కదిలిపోతే మన చెవికి రాగం కూడా కదిలిపోతుంది. పీబ్రోక్‌లో డ్రోన్ కదలదు, అందుకే అది నాకు వెంటనే పట్టుబడింది. క్లైడ్‌గట్టు గారు రాశాక రెండు పీబ్రోక్‌లు విన్నాను. విలంబంలో ఎత్తుకుని చివర్లో మళ్లీ మొదటికి రావడం మనకు కొత్తేమీ కాదు.

జోబర్గ్_శీను (జొహానెస్‌బర్గ్)

దక్షిణాఫ్రికా కోణం ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి నేను రాస్తున్నాను.

1946లో చిజం కేప్‌టౌన్ యూనివర్సిటీలో సంగీత ప్రొఫెసర్‌గా, సౌత్ ఆఫ్రికన్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ డైరెక్టర్‌గా వచ్చాడు. చనిపోయేదాకా, అంటే 19 ఏళ్లు అక్కడే. 1948లో సౌత్ ఆఫ్రికన్ నేషనల్ మ్యూజిక్ ప్రెస్ పెట్టి స్థానిక కంపోజర్ల రచనలు అచ్చువేయించాడు. 1951లో యూనివర్సిటీ ఒపెరా కంపెనీ పెట్టాడు. 1956-57 శీతాకాలంలో ఆ విద్యార్థులను లండన్ తీసుకెళ్లి బార్టోక్ ‘బ్లూబియర్డ్’ ఒపెరా వేయించాడు. పాతికేళ్ల కింద ఇంట్లో అన్నం పెట్టిన అతిథి రుణం అలా తీర్చుకున్నాడు.

కానీ ఆయన వచ్చిన రెండేళ్లకే అపార్థీడ్ (జాతుల వారీగా జనాన్ని వేరుచేసే) ప్రభుత్వం వచ్చింది. 1959లో చట్టం చేసి, ప్రత్యేక అనుమతి లేకుండా నల్లజాతి, భారతీయ విద్యార్థులు కేప్‌టౌన్ లాంటి యూనివర్సిటీల్లో చేరకుండా తలుపు మూశారు. భారతీయులకు డర్బన్ రేవులో సాల్స్‌బరీ ఐలాండ్ మీద, పాత నేవీ బ్యారక్స్‌లో విడిగా కాలేజీ పెట్టారు. చెరకు తోటల కాలంలో వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా అక్కడే చదివారు. డర్బన్‌లో ఒక పెద్దాయన నాతో, రోజూ రేవు దాటి వెళ్లి చదువుకున్న సంగతి చెప్పారు, గొంతు పూడుకుపోయింది. హిందుస్తానీ రాగాల మీద కన్సర్టో రాసిన ప్రొఫెసర్ అదే దేశంలో ఉన్నాడు. ఆ పెద్దాయన లాంటివాళ్లు మాత్రం ఆయన క్లాసులో కూర్చోవడానికి లేదు.

ఇందులో చిజంని తప్పుపట్టడం లేదు. సింగపూర్‌లో అన్ని జాతుల ఆర్కెస్ట్రా కట్టిన మనిషి ఆయన. కానీ ఆయన సంగీతం అక్కడ ఎవరి చెవిన పడిందో, ఎవరి చెవిన పడనివ్వలేదో మనం చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది.

స్వరఝరి (హైదరాబాద్)

శీను గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. నాకు ఈ లంకె తట్టనేలేదు.

పాతరికార్డు గారి ప్రశ్నకు సగం జవాబు కూడా ఇక్కడే ఉందేమో. గ్లాస్గోలో ఉన్నప్పుడు ఇతరుల కోసం పనిచేశాడు. కేప్‌టౌన్ వెళ్లాక లండన్ దృష్టికి దూరమయ్యాడు. స్కాట్లాండ్ మర్చిపోయింది, దక్షిణాఫ్రికా పూర్తిగా తనవాడనుకోలేదు.

పాతరికార్డు (బెంగళూరు)

సరిగ్గా అదే. పైగా చేతిరాత ప్రతుల్లోనే ఉండిపోయిన రచనలు ఎక్కువ. 1954లో న్యూయార్క్‌లో ‘మర్డర్ ఇన్ త్రీ కీస్’ పేరుతో చిన్న ఒపెరాలు వేశారు. అందులోని ‘సిమూన్’ 2015లో గ్లాస్గోలో మళ్లీ వినబడింది. చిజం చెక్ కంపోజరు యానాచెక్ ఒపెరాల మీద రాసిన పుస్తకం 1971లో, పోయిన ఆరేళ్లకు వచ్చింది. అది కూడా ఇంకొకరి సంగీతం గురించే, గమనించండి.

2001లో ఎరిక్ చిజం ట్రస్ట్ మొదలయ్యాక పరిస్థితి మారింది. ఆయన కుమార్తె దాని వెనక గట్టిగా నిలబడ్డారు. పియానో రచనలు ముర్రే మెక్‌లాక్లన్ వరసగా రికార్డు చేశాడు. రెండు పియానో కన్సర్టోలు డానీ డ్రైవర్ వాయించినవి హైపీరియన్ లేబుల్ మీద ఉన్నాయి, 2012లో వచ్చాయి. వయొలిన్ కన్సర్టో 2018లో, అదే లేబుల్, మాథ్యూ ట్రస్లర్. జాన్ పర్సర్ రాసిన జీవితచరిత్ర 2009లో వచ్చింది.

కొత్తవాళ్లు కన్సర్టోలతో మొదలుపెట్టొద్దని నా సలహా. 1939 నాటి పియానో సొనాటా ‘ఆన్ రీబన్ జెర్గ్’ వినండి. ఎర్ర రిబ్బను అని అర్థం, ఒక పీబ్రోక్ పేరు. అందులో విలాపం అనే భాగం ఆ ఏడాది మునిగిపోయిన థెటిస్ జలాంతర్గామి మృతులను తలుచుకుంటూ రాసింది.

చైతన్య_వైజాగ్

మొదట డౌట్ అడిగింది నేనే. నిన్న రాత్రి ఆ విలాపం విన్నాను.

థెటిస్ గురించి వెతికి చదివాను. 1939 జూన్ 1, లివర్‌పూల్ బే, ట్రయల్ రన్. టార్పెడో ట్యూబు బయటి మూత తెరిచి ఉంది. లోపల నీళ్లున్నాయో లేదో చూడటానికి ఉండే చిన్న రంధ్రం పెయింట్‌తో పూడుకుపోయింది. నీళ్లు రాకపోయేసరికి ఖాళీ అనుకుని లోపలి తలుపు తెరిచారు. 103 మంది ఉంటే నలుగురు బయటపడ్డారు. పడవ వెనక భాగం గంటల తరబడి నీటిపైన కనబడుతూనే ఉంది.

మాది సబ్‌మెరైన్ల ఊరు. మా వీధిలో వాటిలో పనిచేసేవాళ్లు ఉన్నారు. బీచ్‌లో కురుసుర మ్యూజియం లోపల ఆ ఇరుకు చూశాక, ఆ సంగీతం విని టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. నాకు హార్మొనీ తెలియదు, మెట్లు తెలియవు. కింద ఆ బరువైన స్వరాలు మోగుతుంటే పైన బాణీ ఊపిరి కోసం తడుముకుంటున్నట్టు అనిపించింది. దీన్ని పియానో మీద చేయొచ్చని తెలియదు.

ఆదివారం_కీబోర్డు (గుంటూరు)

చైతన్య గారూ, మీకు కింద వినబడిందే పెడల్ పాయింట్. కాళ్లతో వాయించాల్సినదాన్ని పియానోలో ఎడమచేతికి ఇస్తారు. ఆర్గనిస్టు రాసిన పియానో సంగీతంలో అది దాగదు.

క్లైడ్‌గట్టు (గ్లాస్గో)

ఒక చిన్న వివరం కలుపుతున్నాను. చిజం 1932లో డయానా బ్రోడీని పెళ్లి చేసుకున్నాడు, ముగ్గురు ఆడపిల్లలు. ఆ తరవాత రెండో పెళ్లి లిలియాస్ స్కాట్‌ని. యాక్టివ్ సొసైటీలో తోడున్న ఫ్రాన్సిస్ జార్జ్ స్కాట్ కూతురే ఆవిడ. ఆ స్కాట్ ఒకప్పుడు బడి పంతులు, కవి హ్యూ మెక్‌డయార్మిడ్ ఆయన శిష్యుడు. సొరాబ్జీ ‘ఓపస్’ అంకితం ఇచ్చింది ఆ మెక్‌డయార్మిడ్‌కే. ఆ రోజుల్లో స్కాట్లాండ్‌లో కొత్తగా ఏదైనా చేయాలనుకున్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే.

స్వరలిపులు కావాలంటే గ్లాస్గోలో స్కాటిష్ మ్యూజిక్ సెంటర్‌ని అడగొచ్చు. మూల ప్రతులు కేప్‌టౌన్ యూనివర్సిటీలో ఉన్నాయి.

మృదుశ్రుతి (విజయవాడ)

వయొలిన్ కన్సర్టో మూడో భాగం విన్నాను. సోహనీ అంటే మన హంసానందికి దగ్గర, పంచమం ఉండదు, పై స్థాయిలో తిరుగుతుంది, రాత్రి రాగం. ఇక్కడ బాణీ వయొలిన్ చేతిలో ఉంది. స్వరానికీ స్వరానికీ మధ్య దారి ఉన్న వాద్యం అది. పియానో కన్సర్టోలో నాకు దొరకనిది ఇక్కడ చాలాచోట్ల దొరికింది. పియానో శ్రీ మీద నా అభిప్రాయం మారలేదు, ఈ సోహనీని మాత్రం మా విద్యార్థులకు వినిపిస్తాను. క్లైడ్‌గట్టు గారూ, ఆ సెంటర్‌లో వయొలిన్ భాగం స్వరలిపి విడిగా ఇస్తారేమో కనుక్కుని చెప్పగలరా? మా దగ్గర వయొలిన్ నేర్చుకునే అమ్మాయి ఒకతె ఉంది, గమకంతో ఒకసారి, రాసింది రాసినట్టు ఒకసారి వాయింపజేసి చూడాలని ఉంది.